కాళ్ళు కడగని తండ్రి

పొద్దున ఏడు గంటలకు నంద్యాలలో ఏ ఇంటి పొయ్యి మీదైనా కాఫీ నీళ్ళో, సంగటి ఎసరో ఉంటాయి. శేషయ్య ఇంటి పొయ్యి మీద మాత్రం బంక ఉడుకుతోంది. మైదాపిండిలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, ఉండలు కట్టకుండా కలుపుతూ రామేశ్వరమ్మ వరండాలోకి వినపడేటట్టు నిట్టూర్చింది.

"ఇంకో పొయ్యి ఉంటే బువ్వ గూడా వండుదును," అంది.

"అయిపోయింది లేవే. ఈ ఒక్క అతుకే," అన్నాడు శేషయ్య.

"పోయిన మాఘంలో గూడా ఇదే మాట చెప్పినారు."

శేషయ్య వినిపించుకోలేదు. నలభై ఏడేళ్ళ హైస్కూలు పంతులు నేల మీద మోకాళ్ళూని, ఆరు గజాల ముతక గాడాగుడ్డ మీద డ్రాయింగు కాగితాలు అతికిస్తున్నాడు. కొట్టాల వారి వంశమంతా ఆ కాగితాల మీద ఉంది. తండ్రి పోయిన పదకొండో రోజున పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగితే, తండ్రి పేరూ తాత పేరూ చెప్పి ముత్తాత దగ్గర నోరు పెగలక నిలబడిపోయాడట. పదిమందిలో పోయిన ఆ పరువును వెనక్కు తెచ్చుకోవాలని మొదలుపెట్టిన పని ఇది. పదకొండేళ్ళయింది. ఈలోపల రాజధాని కర్నూలుకు వచ్చింది, మళ్ళీ హైదరాబాదుకు పోయింది. శేషయ్య మాత్రం ముత్తాత కాలం దాటి ఇవతలికి రాలేదని తోటి పంతుళ్ళు నవ్వుకునేవారు.

నవ్వుకున్నవాళ్ళకేం, తిరిగినవాడికి తెలుస్తుంది. సెలవు దొరికితే చాలు, ఆళ్లగడ్డ, దొర్నిపాడు, అవుకు అంటూ దుమ్ము కొట్టుకుపోయే బస్సుల్లో పడి తిరిగాడు. చెవుడొచ్చిన ముసలమ్మల పక్కన కూర్చొని, అడిగిందే నాలుగుసార్లు అడిగి, రెండు వందల పధ్నాలుగు పేర్లు పోగేశాడు. ఇప్పుడు మోకాళ్ళు నొప్పి, కళ్ళు మంట, ఇంట్లో పెళ్ళానికి విసుగు. అయినా ఈ మాఘంలో నాన్న తద్దినానికి బంధువులందరినీ పిలిచి, భోజనాలయ్యాక ఈ గుడ్డ పరిచి, ఒక్కొక్క పేరూ చదివి వినిపించాలని అందరికీ కార్డులు రాసేశాడు. విన్నది విన్నట్టు రాశానని, ఒక్క పేరు కూడా కల్పించలేదని చెప్పుకునేటప్పుడు ఆయన మెడ కాస్త నిటారుగా లేచేది.

అన్ని గళ్ళూ నిండాయి, ఒక్కటి తప్ప. తండ్రి మద్దిలేటి పేరు కింద మొట్టమొదటి గడి ఖాళీగా ఉంది. అది పెద్దక్క జయలక్ష్మమ్మది. ఆమె ఒప్పుకోకుండా రాయడానికి చేయి రాలేదు.

జయలక్ష్మమ్మకు పదిహేనో ఏట ఆళ్లగడ్డ ఓబులేసుతో పెళ్ళయింది. అల్లుడి కాళ్ళు కడిగి కన్యాదానం చేసింది కన్నతండ్రి కాదు, అవుకు నుంచి వచ్చిన మేనమామ. తండ్రి ఎద్దుల కొట్టం దగ్గర నిలబడి దూరం నుంచి చూశాడు. ఆయనకు జబ్బు లేదు, మైల లేదు. ఎందుకలా చేశాడో ఎవరూ చెప్పలేదు, కానీ ఊరు తనకు తోచింది చెప్పుకుంది. ఆ పిల్ల పుట్టిన ఘడియ తండ్రికి గండమని జోస్యుడు చెప్పాడు. మూడో నెల దాకా ఆయన బిడ్డ మొహం చూడలేదు. చూసినప్పుడు కూడా గిన్నెలో నూనె పోసి, అందులో నీడ చూశాకే ఎత్తుకున్నాడు. అంత భయపడిన మనిషి పెళ్ళిలో మాత్రం పీట మీద కూర్చుంటాడా అన్నారు.

రెండేళ్ళకు చిన్నక్క పెళ్ళయింది. ఆ పెళ్ళిలో మద్దిలేటి కొత్త పంచె కట్టుకొని, భార్యను పక్కన కూర్చోబెట్టుకొని, రెండో అల్లుడి కాళ్ళు కడిగాడు. జయలక్ష్మమ్మ బంతిలోంచి లేచి చేయి కడుక్కొని, బండి కట్టమని మొగుడికి చెప్పింది. అంతే, ముప్పై ఆరేళ్ళుగా పుట్టింటి గడప తొక్కలేదు. తండ్రి పోయినప్పుడు మనిషిని పంపారు. సాయంత్రం దాకా శవాన్ని ఉంచి ఎదురుచూశారు. ఆమె రాలేదు. తమ్ముడంటే ప్రేమే, ఆళ్లగడ్డకు పోతే కడుపు నిండా పెట్టి పంపుతుంది. నాన్న మాట ఎత్తితే మాత్రం లేచి దొడ్లోకి పోతుంది. ఈసారి శేషయ్య నాలుగు కార్డులు రాస్తే ఒక్కదానికి జవాబిచ్చింది. 'తద్దినం నీ నాయనకు. నన్ను పిలవద్దు.'

బంక చల్లారక ముందే వీధిలో గొంతు వినిపించింది. రంగయ్య వచ్చాడు. రెండు మూడేళ్ళకోసారి కోతలయ్యాక వచ్చి, పాత ఇళ్ళ ముందు నిలబడి, వాళ్ళ తాతముత్తాతల పేర్లు రాగం తీసి చెప్పి, వడ్లో పంచో పుచ్చుకొనిపోయే మనిషి. వాళ్ళ నాన్న, తాత కూడా ఇదే గడపల ముందు ఇవే పేర్లు చెప్పారు. శేషయ్య పలక మీద అక్షరాలు దిద్దే పిల్లవాడిలా ముందుకు వంగి, చెప్పింది చెప్పినట్టు తన గుడ్డతో సరిచూసుకుంటున్నాడు.

"కొట్టాల చెన్నప్పకు ముగ్గురు కొడుకులు," అన్నాడు రంగయ్య.

"ముగ్గురేంది రంగయ్యా? పెద్దోడు మా తాత శేషన్న, చిన్నోడు గిడ్డప్ప. ఇద్దరే గదా."

"మీకు ఇద్దరేమో అయ్యా. మాకు ముగ్గురు. నడిపోడు పుల్లప్ప. మూడు నెలల బిడ్డప్పుడు పరాయింటికి దత్తు పోయినాడు."

"యాడికి పోయినాడు?"

"పోయినోళ్ళ వంశం మేము చెప్పకూడదు. మా నాయన నాకు ఇచ్చింది ఇంతే."

రామేశ్వరమ్మ చాటలో వడ్లు తెచ్చి రంగయ్య జోలెలో పోసింది. "ఇంకో తాత బయటపడినాడా? అయితే మళ్ళా బంక వండాల్సిందే," అని లోపలికి పోయింది.

శేషయ్యకు మాత్రం బడలిక అంతా ఎగిరిపోయింది. వంద ఏళ్ళుగా ఎవరికీ పట్టని ఒక మనిషి తనకు దొరికాడు. ఆదివారం పొద్దున్నే అవుకు బస్సెక్కాడు. నాటి మనుషుల్లో మిగిలింది మేనమామ భార్య సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే. ఎనభై దగ్గర పడినా ఆమె జ్ఞాపకం చెదరలేదు.

ఆమె ఎండలో కూర్చొని కందులు చెరుగుతోంది. కుశల ప్రశ్నలయ్యాక శేషయ్య పుల్లప్ప పేరు ఎత్తగానే చాట ఆగిపోయింది.

"ఆ పేరు ఎవురు చెప్పినారు నీకు?"

"రంగయ్య చెప్పినాడత్తా. దత్తు పోయింది ఏ యింటికో తెలిస్తే రాసుకుందామని."

"రాసుకోవద్దు. ఇంటికి పో."

పదకొండేళ్ళుగా ముసలమ్మలను బతిమాలి చేయి తిరిగినవాడు శేషయ్య. కదల్లేదు. నీళ్ళు తెచ్చిచ్చాడు, కందుల్లో రాళ్ళేరాడు, గంట కూర్చున్నాడు. చివరికి సుబ్బలక్ష్మమ్మే చాట పక్కన పెట్టింది.

"మీ నాయన మా ఇద్దరి చేత ఒట్టు వేయించుకున్నాడు శేషయ్యా. మీ మామ పోయినాడు. మీ అమ్మా నాయనా పోయినారు. నేనొక్కదాన్నే దీన్ని పెట్టుకొని సావలేకుండా ఉండాను. ఆ పుల్లప్ప పోయింది ఆళ్లగడ్డకు. బిడ్డల్లేని ఇల్లది. పుట్టింట్లో కన్నానని చెప్పి ఆ యమ్మ పిల్లోన్ని తెచ్చుకునింది. రెండు తరాలకు అందరూ మరిచిపోయినారు. మీ బావ ఓబులేసు ఆ పుల్లప్పకు మనవడు."

శేషయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. శేషన్న, పుల్లప్ప అన్నదమ్ములు. శేషన్న మనవరాలు జయలక్ష్మమ్మ, పుల్లప్ప మనవడు ఓబులేసు. వాళ్ళిద్దరికీ వరస ఏమవుతుందో తెలియడానికి గుడ్డ పరచక్కర్లేదు. వేళ్ళు అలాగే ముడుచుకొని కూర్చున్నాడు.

"తెలిసే చేసినారా అత్తా?"

"పెండ్లికి పది దినాలు ఉందనంగా తెలిసింది. మీ ముసలి మేనత్త ప్రాణం పోయేటప్పుడు మీ నాయన చెవిలో చెప్పింది. అప్పటికి తాంబూలాలు అయిపోయినాయి, ఊరంతా పిలుపులయినాయి. ఆపితే నక్షత్రం మీదికే తోస్తారు. ఇంక దాన్నెవురు చేసుకుంటారు? మీ నాయన నడిచి అహోబిలం పోయి ఒక పెద్దాయన కాళ్ళ మీద పడినాడు. పిల్లను వేరే గోత్రం వాళ్ళకు ధారపోసి ఇయ్యి, వాళ్ళు కన్యాదానం చేసుకుంటారు, కానీ ఇచ్చినాక నువ్వు తండ్రివి కాదు, ఆ పీట మీద నీకు పని లేదు, అన్నాడంట ఆ పెద్దాయన. పెండ్లికి ముందు దినం తెల్లారుజామున దాన్ని మీ మామ ఒళ్ళో కూర్చోబెట్టినాం. అదేదో పెండ్లి ముచ్చట అనుకొని నవ్వుతాంది పిల్ల. మీ నాయన చేతిలో చెంబు నిలబడలేదు. మీ అమ్మ పట్టుకునింది."

"అక్కకు చెప్పింటే అయిపోతుండె గదా."

"ఏమని చెప్పాల? మొగుని మొగం చూసినప్పుడల్లా అన్న మతికి రావాల్నా? నేనూ అన్నాను, పిల్ల నిన్ను తప్పు పట్టుకుంటాదప్పా అని. పట్టుకోనీ, నన్ను తిట్టుకుంటా అయినా మొగునితో బాగుంటే చాలన్నాడు."

తిరుగు బస్సులో శేషయ్యకు కిటికీ పక్కన చోటు దొరికింది. బయట ఏమున్నాయో ఒక్కటీ చూడలేదు. చివరి రోజుల్లో నాన్న మంచం వీధి తలుపుకు ఎదురుగా వేయించుకున్నాడు. గాలి కోసమేమో అనుకున్నారు ఇంట్లో. అక్క పేరు ఆయన నోట రాలేదు కాబట్టి ఆమె గురించి అనుకోలేదు.

ఇంటికొచ్చి భార్యతో అంతా చెప్పాడు. ఆమె వింటూ వింటూ పొయ్యిలో కట్టె వెనక్కు లాగడం మరిచిపోయింది, కూర మాడింది.

"రాయడం సంగతి అటుంచండి. రాయకూడదని మీకూ తెలుసు. ఆ యమ్మకు చెప్పాలనుకుంటాండారా?" అంది.

"చెప్పకుంటే నాయన దోషిగానే ఉండిపోతాడు గదనే."

"చెప్తే ఏమవుతాదో చూడండి. నాయన మంచోడని తెలుస్తాది. ఆ మంచోడు చచ్చిపోతే పోలేదని తెలుస్తాది. మొగుడు అన్న వరస అని తెలుస్తాది. ఇన్నేండ్లూ ఆ యమ్మకు కోపమన్నా తోడుండాది. దాన్ని పీకేసి ఏమిస్తారు మీరు?"

శేషయ్య లేచి గుడ్డ చుట్టి గోడవార పెట్టేశాడు. ఆ మర్నాటి నుంచి పాఠం చెప్పేటప్పుడు కూడా మధ్యలో ఆగిపోతున్నాడు. వారం రోజుల్లో మనిషి సగమయ్యాడు. విన్నది విన్నట్టు రాయడం గొప్ప అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వినకుండా ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది. చివరికి ఏమీ చెప్పకూడదనే తేల్చుకున్నాడు. ఒక్కసారి పోయి రమ్మని పిలిచి, పిల్లల పేర్లు రాసుకొని వచ్చేద్దామని శనివారం ఆళ్లగడ్డకు పోయాడు.

జయలక్ష్మమ్మ జొన్నరొట్టెలోకి చెనిక్కాయలు నూరిన ఊరిమిండి పెట్టింది. తింటున్నంతసేపూ పక్కనే కూర్చొని విసిరింది. యాభై మూడేళ్ళకు జుట్టంతా నెరిసింది కానీ, మొగుడూ పెళ్ళాలు అన్యోన్యంగా ఉంటారని ఆ వీధిలో చెప్పుకుంటారు. ఓబులేసు గట్టిగా మాట్లాడటం ఎవరూ విననే లేదు.

"ఎనిమిది మంది మనవళ్ళూ మనవరాండ్ల పేర్లు రాసి పెట్టినా. తీసుకో," అని ఒక కాగితం ఇచ్చింది.

"మంచిదక్కా. తద్దినానికి నువ్వూ బావా..."

"ఆ మాట వద్దంటి గదరా. ఇంకోటి. నీ గుడ్డ మీద నన్ను ఆ మనిషి కింద రాయద్దు. నాకు కన్యాదానం చేసింది అవుకు మామ. ఆయన కింద రాయి. ధర్మమయితే అదే గదా."

శేషయ్య చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఆ రోజు జరిగింది సరిగ్గా అదేనని ఆమెకు తెలియదు. తెలియకుండానే, తండ్రి గుండె రాయి చేసుకొని చేసిన పనిని ఆమె విసురుగా అడుగుతోంది.

"అట్లనద్దక్కా."

"ఎందుకనగూడదు? ఎద్దులకాడ నిలబడినాడు. నా మొగుని కాళ్ళ మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసేదానికి నాయనకు ప్రాణభయం. చిన్నదాని పెండ్లిలో మాత్రం కొత్త పంచె. చచ్చేటప్పుడన్నా నా పేరు ఎత్తినాడా? నువ్వే చెప్పు. అబద్ధం చెప్పగాకు."

"ఎత్తలేదు."

"చూసినావా?"

"ఎత్తలేదు గానీ, మంచం వీధి తలుపుకు ఎదురుగా వేయించుకున్నాడక్కా. నలభై దినాలు తలుపు మూయనీలేదు. నువ్వొస్తావని," అన్నాడు శేషయ్య. అంతటితో ఆగుదామనుకున్నాడు. ఆగలేకపోయాడు. వారం రోజులుగా గొంతుకడ్డం పడింది తనంతట తానే వచ్చేసింది. పుల్లప్ప, పది రోజులు, అహోబిలం, మేనమామ ఒడి, చెంబు. సగంలో రామేశ్వరమ్మ మాటలు గుర్తొచ్చాయి, కానీ అప్పటికి సగం చెప్పడం అసలు చెప్పకపోవడం కన్నా పాపమయ్యేటట్టు ఉంది. అంతా చెప్పేశాడు.

జయలక్ష్మమ్మ ఏడవలేదు. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"మామ ఒళ్ళో కూర్చోబెట్టింది మతికుండాది. నాయన ఆ పక్కన నిలబడుకొని ఉండె. చెంబులో నీళ్ళు ఒలికితే నేను నవ్వితి," అంది.

తర్వాత, "ఎవురెవురికి తెలుసు?" అని అడిగింది.

"అవుకు అత్తకు, నాకు, రామేశ్వరికి. బావకు తెలీదు."

"ఎందుకు చెప్పినావు శేషా? పోయేదాంకా ఆయన మోసింది తెచ్చి నా నెత్తిన పెడితివి."

"నాయన దోషి కాదని నీకు తెలియాలనుకుంటినక్కా."

"ఆయన కాడు సరే. నేనైతి గదా ఇప్పుడు. మనిషొచ్చి రమ్మంటే ఈడనే, ఇదే అరుగు మీద కూర్చొని, వచ్చేది లేదు పో అంటి."

అంతలో ఓబులేసు చేను నుంచి వచ్చాడు. తలగుడ్డ విప్పుకుంటూ, "ఏమప్పా శేషయ్యా, ఎప్పుడొచ్చినావు?" అని పలకరించి గడపలో కూర్చున్నాడు. జయలక్ష్మమ్మ లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి అందించింది. అందించి పక్కకు పోకుండా అక్కడే నిలబడి ఆయన తాగినంతసేపూ మొహం చూసింది.

"ఏంది అట్ల చూస్తాండావు?" అన్నాడు ఓబులేసు.

"ఏంలేదు. ఎండనపడి వచ్చినావు గదా," అని ఆమె చెంబు తీసుకొని లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు. శేషయ్య చెప్పులేసుకుంటుంటే లోపలినుంచే, "బస్సు పోతాది, బేగా పో," అన్న మాట మాత్రం వినిపించింది.

తద్దినం నాటికి శేషయ్య ఇంటి ముందు చలువపందిరి వేశారు. వంద మందికి పైనే వచ్చారు. విస్తళ్ళు వేస్తుండగా వీధి చివర బండి ఆగింది. ముందు ఓబులేసు దిగాడు. ఆయన చేయి ఆసరాగా పట్టుకొని జయలక్ష్మమ్మ దిగింది. గోధుమరంగు చీర కొంగు నిండుగా కప్పుకొని, ఎవరి వైపూ చూడకుండా నడిచి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చింది. పిండాలు పెట్టిన చోట నేలకు తల ఆనించింది. లేవడానికి చాలాసేపు పట్టింది. రామేశ్వరమ్మ పోయి పట్టుకొని లేపింది.

భోజనాలయ్యాక గుడ్డ పరిచారు. పెద్దవాళ్ళు చుట్టూ మఠం వేసుకొని కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక స్తంభాల దగ్గర నిలబడ్డారు. శేషయ్య బెత్తం పట్టుకొని పైనుంచి మొదలుపెట్టాడు. "కొట్టాల చెన్నప్పకు ఇద్దరు కొడుకులు," అని చదివాడు. పదకొండేళ్ళలో ఆ గుడ్డ ముందు తెలిసి చెప్పిన మొదటి అబద్ధం అదే. ఎవరూ గమనించలేదు. జయలక్ష్మమ్మ మాత్రం తల దించుకుంది. వెయ్యి కళ్ళు పెట్టుకొని తమ వాళ్ళ పేర్లు వెతుక్కునే హడావుడిలో ఉన్నారు మిగిలినవాళ్ళు.

"శేషన్న కొడుకు మద్దిలేటి. మద్దిలేటి పెద్ద కూతురు జయలక్ష్మమ్మ."

"ఆగప్పా ఆడ," అంది భారతమ్మ. మద్దిలేటికి తమ్ముడి వరస అయ్యే మనిషి భార్య ఆమె. ఏ పంక్తిలోనైనా ఉప్పు తక్కువైందని మొదట చెప్పే మనిషి. "మద్దిలేటి కూతురని ఎట్ల రాస్తివి? పెండ్లిలో కాళ్ళు కడిగినాడా? చచ్చిపోతే ఈ యమ్మ వచ్చిందా? ఇప్పుడు గుడ్డ మీద పేరు చూసుకొనేదానికి వచ్చినట్టుంది. అసలు ఆ పొద్దు మద్దిలేటి బావ ఎందుకు పీట మీద కూర్చోలేదో, ఈ వంశమంతా తెలిసిన పంతులుకన్నా తెలుసా? చెప్పమనండి విందాం."

అందరూ శేషయ్య వైపు తిరిగారు. విన్నది విన్నట్టు చెప్తానని వంద కార్డుల్లో రాసిన మనిషి ఆయన. నోరు తెరిచాడు, ఏం చెప్పబోతున్నాడో తనకే తెలియదు.

"నేను చెప్తా పిన్నమ్మా," అంది జయలక్ష్మమ్మ స్తంభం దగ్గర నుంచి ముందుకు వచ్చి. "నేనే అట్ల అడిగినా. మేనమామ చేతుల మీద అయితేనే పీటల మీద కూర్చుంటానని మొండికేసినా. నక్షత్రం మాట ఎవరో అంటే నాయన మీద అలిగింటి. మా నాయన నా మాట తీసేయలేక పక్కకు పోయి నిలబడినాడు. అంతే. ఆయన తప్పేమీ లేదు."

"మరి చిన్నదాని పెండ్లిలో లేచిపోతివే?"

"దానికి చేసినాడని ఓర్వలేక లేచిపోతి."

"చచ్చిపోతే గూడా రాకపోతివే."

"పొగరు పిన్నమ్మా. అప్పటికీ తగ్గలేదు."

భారతమ్మ ఊరుకునే మనిషి కాదు. "కన్నతండ్రిని ఊరందరి నోళ్ళలో పెట్టి, ఇన్నేండ్లు నోరు మూసుకొని ఉంటివా? ఏం కడుపో అది. ఆ మహానుభావుడు ఒక్క మాట అనకుండానే పోయినాడు," అంది. ముసలివాళ్ళు కొందరు తలలూపారు. ఒకాయన లేచి బయటికి పోయి ఉమ్మేసి వచ్చాడు. జయలక్ష్మమ్మ చేతులు కట్టుకొని నిలబడి, వాళ్ళు అన్నవన్నీ అనిపించుకుంది.

ఓబులేసు మాత్రం తెల్లబోయి చూస్తున్నాడు. "నాతో గూడా ఎప్పుడూ చెప్పలేదే నువ్వు," అన్నాడు మెల్లగా. తర్వాత అందరికీ వినపడేటట్టు, "పోనీలే అత్తా. చిన్నతనం. ఇప్పుడు వచ్చింది గదా," అని భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు ఏడ్చింది జయలక్ష్మమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మొగుడు వీపు మీద చేయి వేస్తే ఇంకా ఎక్కువైంది. పదిమందిలో పరువు పోయిందని ఏడుస్తోందని అనుకున్నారు జనం. భారతమ్మకు కూడా మనసు కరిగి, "సరే లేమ్మా, తెలిసొచ్చింది గదా, అదే చాలు," అంది. ఆ మాటలోని నిజం ఆ పందిరి కింద ముగ్గురికే తెలుసు.

శేషయ్య గుడ్డ మీదకు వంగాడు. అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. అక్క ఎందుకు వచ్చిందో, నాన్న ఎద్దుల పక్కన నిలబడి ఏం చేశాడో, ఒక్కసారిగా అర్థమైంది ఆయనకు. ఊరి నోట్లో పడి ఒక మనిషిని కాపాడటం ఆ రోజు నాన్న చేస్తే, ఈ రోజు అక్క చేసింది. పక్కన నిలబడిన ఓబులేసుకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. పదకొండేళ్ళు ఊళ్ళు తిరిగి పేర్లు పోగేసినవాడికి, ఆ వంశంలో మనుషులు ఎలాంటివాళ్ళో ఇప్పటికి తెలిసింది. బెత్తం అదే గడి మీద ఆగిపోయింది.

"ఇంకోసారి చదువు శేషా," అంది జయలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మద్దిలేటి పెద్ద కూతురు, అన్నావు గదా. ఆన్నుంచి చదువు."